విండోస్ 10 ఆగింది, ఇంట్లో పాత కంప్యూటర్ సంగతేంటి?

సంక్రాంతికి అనంతపురంలో చిన్నాయన వాళ్లింటికి వెళ్తే, చెప్పులు విడిచీ విడవకముందే నన్ను తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తెర నిండా ఒక నోటీసు. విండోస్ 10కి సపోర్టు అయిపోయింది, కొత్త పీసీ సంగతి చూసుకోండి అని దాని సారాంశం.

"ఏమిరా, ఇంక ఇది పనికిరాదంటనే? షాపాయప్ప కొత్తది తీసుకోమంటాండాడు. ముప్పై అయిదు వేలంట" అన్నాడు. మాటలో దిగులు తెలుస్తోంది. రిటైరయ్యాక ఆయనకు తోడు ఆ కంప్యూటరే. చెనిక్కాయల లెక్కలు, పెన్షన్ కాగితాలు, బెంగళూరులో ఉన్న మనవరాలితో వీడియో కాల్, అన్నీ అందులోనే.

ఆ పండగ మూడు రోజుల్లో ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు అడిగారు. ఒకరికి జిరాక్స్ షాపు, ఒకరికి ఇంజనీరింగ్ చేరిన కూతురు, ఒకరికి ఇంట్లో ఊరికే పడి ఉన్న డెస్క్‌టాప్. నలుగురికీ నేను చెప్పిన జవాబులు నాలుగు రకాలు. కాకపోతే అన్నింటి వెనకా ఉన్న ఉద్దేశం ఒక్కటే: నోటీసు చూసి భయపడి కొనొద్దు. మీరు ఆ కంప్యూటర్‌తో రోజూ ఏం పని చేస్తారో, లోపల ఏ ప్రాసెసర్ ఉందో, ఈ రెండూ చూశాకే జేబులో చెయ్యి పెట్టండి.

ముందు అసలు ఏం జరిగిందో చెబుతా. విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అంటే ఆ మరుసటి రోజు కంప్యూటర్ ఆగిపోదు. పాటలు వస్తాయి, ఎక్సెల్ తెరుచుకుంటుంది, ప్రింటర్ పనిచేస్తుంది. కాకపోతే ఇకమీదట ఏదైనా లోపం బయటపడితే దాన్ని పూడ్చేవాళ్లు ఉండరు. తలుపు బాగానే ఉంది, తాళం పాడైతే మాత్రం బాగుచేసే మనిషి లేడు, అంతే.

దీన్ని తేలిగ్గా తీసుకోవచ్చా అంటే, వద్దనే అంటాను. 2017 మే నెల గుర్తుందా? వానాక్రై అనే వైరస్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లను తాళమేసి డబ్బు అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. అప్‌డేట్ వేసుకోని మెషీన్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. కాబట్టి పాత విండోస్ మీద బ్యాంకు పనులు, ఆధార్, పాన్ కాగితాలు పెట్టుకుని ఏళ్ల తరబడి అలాగే నెట్టుకురావడం నాకు నచ్చని దారి. మిగతా దారులన్నీ దానికంటే మేలే.

ఇప్పుడు మీ కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, అందులో అబౌట్ నొక్కండి. ప్రాసెసర్ అని ఒక వరుస కనిపిస్తుంది. ఇంటెల్ అయితే ఐ3, ఐ5 అన్నదాని పక్కన ఉండే అంకెలు చూడాలి. ఐ3-4130 అని ఉంటే అది నాలుగో తరం. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఐ5-10210యూ అంటే పదో తరం. చాలామంది "మాది ఐ5, మంచిదే కదా" అంటారు. ఐ5 అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. నాలుగో తరం ఐ5 కంటే పన్నెండో తరం ఐ3 ఎంతో ముందుంటుంది. విండోస్ 11కి దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైనవే అర్హమైనవి. ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి అనుకోవచ్చు.

ఎనిమిదో తరం, ఆపైన ఉన్నవాళ్లకు నా సలహా చిన్నది. డబ్బు కట్టకుండా విండోస్ 11కి మారిపోండి. ఇంక ఆలోచన అక్కర్లేదు. ఒక్క మెలిక మాత్రం ఉంది, అది తెలియక చాలామంది వెనక్కి వస్తున్నారు. తనిఖీ చేస్తే "ఈ పీసీ పనికిరాదు" అని వస్తుంది. కారణం వెతికితే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం లేదంటుంది. చాలా మెషీన్లలో అది ఉంటుంది, బయోస్‌లో, అంటే విండోస్ మొదలవక ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని పేరుంటుంది. దాన్ని ఆన్ చేసి, సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేస్తే తలుపు తెరుచుకుంటుంది. పండక్కి అడిగిన నలుగురిలో జిరాక్స్ షాపు అతనిది సరిగ్గా ఇదే కేసు. కొత్త మెషీన్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతూ ఆగాడు. బయోస్‌లో ఒక్క మాట మార్చగానే పని అయింది. పాత పద్ధతిలో, అంటే లెగసీ మోడ్‌లో, విండోస్ ఎక్కించి ఉంటే మాత్రం డిస్క్ పద్ధతి కూడా మార్చాలి. ఆ పని తెలిసినవాళ్ల చేత చేయించండి.

మారిన తర్వాత ఒక జాగ్రత్త. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే కొన్ని మెషీన్లలో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేని తాళం పడుతుంది. దాని రికవరీ కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. అకౌంట్ పాస్‌వర్డ్ షాపులో ఎవరో పెట్టింది, మీకు తెలియదు అనే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆ అకౌంట్ మీ ఫోన్ నంబర్‌తో మీరే తెరవండి. కీని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

అసలు చిక్కు ఏడో తరం, అంతకంటే పాతవాళ్లది. చిన్నాయనది నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లి కాఫీ తెచ్చుకుంటే కానీ డెస్క్‌టాప్ రాదు. ఇక్కడ మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, విండోస్ 10లోనే ఉంటూ ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవడం. దీన్ని ఈఎస్‌యూ అంటారు. ఇళ్లల్లో వాడేవాళ్లకు దీని గడువు 2026 అక్టోబర్ 13 దాకా అని ప్రకటించారు. ముప్పై డాలర్లు కట్టొచ్చు. మైక్రోసాఫ్ట్ రివార్డ్స్‌లో 1000 పాయింట్లు ఉంటే వాటితో తీసుకోవచ్చు. లేదంటే సెట్టింగ్స్‌ని అకౌంట్‌కి సింక్ చేస్తే డబ్బు లేకుండానే వస్తుంది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అన్న లింకు ఉంటుంది. అది కనిపించాలంటే విండోస్ 10లో చివరి వెర్షన్, అంటే 22హెచ్2, ఉండాలి. ఈ సంగతి షాపుల్లో ఎవరూ చెప్పట్లేదు. మనమే చెప్పుకోవాలి. చిన్నాయన చేత ఆ లింకు నేనే నొక్కించాను, అయిదు నిమిషాల పని.

రెండోది, విండోస్ 11ని అడ్డదారిలో ఎక్కించడం. దీనికి పద్ధతులున్నాయి, చేసేవాళ్లూ ఉన్నారు. మీకు సొంతంగా చేసుకునే ఓపిక ఉంటే అది మీ ఇష్టం. పెద్దవాళ్ల కంప్యూటర్‌కి మాత్రం నేను చేయను. అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌కి మళ్లీ చేత్తో ఎక్కించాల్సి రావచ్చు. ఆ రోజు మీరు ఊళ్లో ఉండరు, వాళ్లకి టెన్షన్.

మూడోది లైనక్స్, అంటే విండోస్ బదులు ఎక్కించుకునే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. దీని మీద నాకు ప్రేమ ఉంది, అయినా అందరికీ చెప్పను. మీ పని అంతా బ్రౌజర్‌లోనే అయితే, అంటే మెయిల్, యూట్యూబ్, బ్యాంకు, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, ఇన్‌కంటాక్స్ రిటర్న్, వీటికి లైనక్స్‌లో మింట్ అనే రకం చక్కగా సరిపోతుంది. ఉచితం. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌కి దానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకోండి. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లాంటి కీబోర్డులు ఐబస్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా దొరుకుతాయి. తెలుగులో కనిపించే లైనక్స్ కోసం స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్లుగా పనిచేశారు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే ఒక రోజంతా వాడి చూడొచ్చు. మీ వైఫై, ప్రింటర్, వెబ్‌క్యామ్ పనిచేస్తున్నాయా అన్నది ఆ ఒక్క రోజులో తేలిపోతుంది.

ఎవరికి కుదరదో కూడా చెప్పాలి. ట్యాలీ మీద బతికేవాళ్లకు, డిజిటల్ సంతకం టోకెన్‌తో టెండర్లు వేసేవాళ్లకు, ఆధార్ వేలిముద్ర పరికరం పెట్టుకుని సేవలు చేసేవాళ్లకు విండోస్ వదలడం కష్టం. ఆ పరికరాల డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్లు విండోస్‌నే నమ్ముకుని ఉంటాయి. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు వేసే డీటీపీ వాళ్ల సంగతీ అంతే. వాళ్ల చేతివేళ్లకు "అను" అనే తెలుగు ఫాంట్లు అలవాటు. పాత ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటాయి, వేరే మెషీన్‌లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. అలాంటివాళ్లు ప్రయోగాలు చేయకుండా విండోస్ 11 మెషీన్ తీసుకోవడమే మంచిది, ఎందుకంటే ఒక్క రోజు షాపు మూతపడితే పోయే డబ్బు ఎక్కువ.

ఏ దారి ఎంచుకున్నా, పాత మెషీన్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ముందు దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేయండి. నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయంలోనే. పాత హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద సూదిలాంటి తల ఇటూ అటూ పరిగెత్తి చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు 500 ఎంబీ వరకు చదువుతుంది. పాత డిస్క్ 100 చిల్లర దగ్గరే ఆగిపోతుంది, చిన్న చిన్న ఫైళ్ల దగ్గరైతే తేడా ఇంకా చాలా ఎక్కువ. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. డిస్క్ తిరుగుతుండగా టక్కున పవర్ పోవడం, మళ్లీ రావడం, మళ్లీ పోవడం. బ్యాడ్ సెక్టార్లు అలాగే పుడతాయి.

చిన్నాయన మెషీన్ పక్క రేకు విప్పాము. రెండే స్క్రూలు. విప్పగానే లోపల ఎర్రమట్టి. ఫ్యాన్ రెక్కల మీద వేలు పెడితే వేలికి పొడి అంటుకుంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద ఉన్న రేకుల మధ్య ధూళి గుడ్డలా అల్లుకుపోయి ఉంది. అంటే గాలి అసలు లోపలికే పోవట్లేదు. బయట నలభై డిగ్రీలున్నప్పుడు ఈ పెట్టె లోపల ఏమైందో ఊహించుకోండి. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. ఇన్నాళ్లూ "కంప్యూటర్ ముసలిదైపోయింది" అనుకున్నదాంట్లో సగం ఈ మట్టే. పెయింటు బ్రష్‌తో మెల్లగా దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది చుక్క వేశాము. పాత డిస్క్ కేబుల్ ఊడదీసి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి తగిలించాము. ఆ కేబుల్ చివర ఎల్ ఆకారంలో ఉంటుంది, తప్పుగా పెట్టడానికి వీల్లేదు. ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ముక్క వేశాము. కొత్త డిస్క్‌లో విండోస్ 10 మళ్లీ ఎక్కించాము. విండోస్ లైసెన్స్ సంగతి అడుగుతారేమో, విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్ మారిస్తే పోదు.

మళ్లీ ఆన్ చేస్తే అర నిమిషంలోపే డెస్క్‌టాప్ వచ్చింది. చిన్నాయన ఏమీ అనలేదు. ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూసుకున్నాడు. మొత్తం ఖర్చు మూడు వేల లోపే. ముప్పై అయిదు వేలు ఆయన దగ్గరే ఉన్నాయి.

ఇక కొనక తప్పనివాళ్ల విషయం. ఇంజనీరింగ్ చేరిన పిల్లలకు పాత డెస్క్‌టాప్ సరిపోదు, ఒప్పుకుంటాను. కాలేజీకి మోసుకెళ్లాలి, కోడింగ్ ల్యాబ్‌లు, ప్రాజెక్టులు ఉంటాయి. పాతిక వేల బడ్జెట్ అనుకుందాం. ఇక్కడ రెండు దారులు: డబ్బా విప్పని కొత్త చవక ల్యాప్‌టాప్, లేదా కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలిన పాత ల్యాప్‌టాప్.

ఆ బడ్జెట్‌లో కొత్తది అంటే చాలాసార్లు సెలెరాన్ అనే చవక రకం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, డిస్క్ ఈఎమ్‌ఎమ్‌సీ అనే నెమ్మది రకం, 64 జీబీ. మెరుపు స్టిక్కర్లు చూసి తీసుకుంటారు. ఏడాది తిరిగేలోపు పిల్లకి కోపం, తండ్రికి బాధ. ర్యామ్ పెంచుదామంటే చోటు ఉండదు. ఇలాంటిది నేను మాత్రం ఎవరికీ కొనిపెట్టను. ఆ డబ్బుకి ఎనిమిది నుంచి పదకొండో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న లెనోవో థింక్‌ప్యాడో, డెల్ ల్యాటిట్యూడో, హెచ్‌పీ ఎలైట్‌బుకో దొరికితే కళ్లు మూసుకోకుండా, కళ్లు తెరిచి, పరీక్షించి తీసుకోండి. ఇవి ఆఫీసుల కోసం చేసినవి. కీబోర్డు గట్టిది, స్పేర్ పార్టులు దొరుకుతాయి, వెనక మూత స్క్రూలతో విప్పుకోవచ్చు.

మన అనంతపురం వాళ్లకు బెంగళూరు నాలుగైదు గంటల ప్రయాణం. ప్రతి వీధిలో ఒకరైనా అక్కడ ఉద్యోగం చేస్తున్నారు. ఎస్పీ రోడ్డులో ఇలాంటివి కుప్పలుగా ఉంటాయి. ఫోన్‌లో బేరం చేసి తెప్పించుకోకండి, మనిషిని పంపండి లేదా మీరే వెళ్లండి. అక్కడ నిలబడి చూడాల్సినవి చెబుతా. విండోస్ రీసెట్ చేయించి, నెట్ కలిపి, మొదటి సెటప్ మీ ముందే చేయించండి. ఆ దశలో ఏదో కంపెనీ పేరు కనిపించి ఆఫీసు మెయిల్ అడిగిందంటే, అది ఇంకా ఆ కంపెనీ తాళంలోనే ఉంది, వదిలేయండి. బయోస్‌లోకి వెళ్లండి, పాస్‌వర్డ్ అడిగితే అదీ వద్దు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అనే ఆదేశం ఇస్తే ఒక పేజీ తయారవుతుంది. అందులో బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగమే ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించమని అడగండి. తెల్ల పేజీ పెట్టి తెర మీద మచ్చలు చూడండి. మూత నాలుగుసార్లు తెరిచి మూయండి, హింజ్ దగ్గర కిర్రుమంటే వద్దు. బిల్లు, కనీసం మూడు నెలల వారంటీ రాతపూర్వకంగా తీసుకోండి.

కొంచెం ఎక్కువ పెట్టగలవాళ్లు, నలభై అయిదు వేలు దాటి, కొత్తదే తీసుకోవచ్చు. 8 జీబీ కంటే తక్కువ వద్దు, ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందా అని అడగండి. ఆ ప్రశ్న ఇప్పుడు మరీ ముఖ్యం. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు ఎగబడి కొంటున్నందువల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇళ్లల్లో వాడే ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్‌ని మానేస్తున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అందుకే 16 జీబీ ముందే ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి ఇప్పుడు విలువ ఇంకా పెరిగింది.

ఏఐ పీసీ అని రాసి ఉన్న వాటి గురించి కూడా అడుగుతున్నారు. కోపైలట్ ప్లస్ అని పేరు పెట్టాలంటే అందులోని ఎన్‌పీయూ, అంటే ఏఐ లెక్కల కోసం ఉండే చిప్, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయాలన్నది నిబంధన, 16 జీబీ ర్యామ్ కూడా ఉండాలి. చిప్ గొప్పదే. మన ఇళ్లల్లో పిల్లలు వాడే ఏఐ మాత్రం బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లెక్కంతా ఎక్కడో సర్వర్‌లో జరుగుతుంది. ఆ స్టిక్కర్ కోసం అదనంగా పది వేలు పెట్టొద్దు. క్రోమ్‌బుక్, మ్యాక్ గురించి ఒక్క మాట: కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఏది వాడతారో కనుక్కోకుండా ఆ రెండూ కొనకండి.

ల్యాప్‌టాప్‌కీ డెస్క్‌టాప్‌కీ మధ్య ఊగిసలాడేవాళ్లకు కరెంటు లెక్క ఒకటి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీయే యూపీఎస్. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ కొనాలి, మన ఎండలకు దాని బ్యాటరీ రెండు మూడేళ్లకోసారి మార్చాలి. పల్లెల్లో మోటార్లు ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడిపోయే చోట ల్యాప్‌టాప్‌కే నా ఓటు.

ఏం చేసే ముందైనా ఫైళ్లు కాపీ తీసుకోండి. నాలుగేళ్ల కిందట మా కంప్యూటర్‌ని ఒక షాపులో ఫార్మాట్‌కి ఇస్తే, సీ డ్రైవ్‌తో పాటు డీ డ్రైవ్ కూడా తుడిచేశారు. మా జేజి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. అడిగితే "మీరు చెప్పలేదు కదా" అన్నారు. అప్పటినుంచి ఎవరి మెషీన్ ముట్టుకున్నా ముందు ఫొటోలు ఎక్కడున్నాయని అడుగుతాను. చిన్నాయన పాత హార్డ్ డిస్క్‌ని కూడా పారేయలేదు. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, అందులోని పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు కొత్త డిస్క్‌కి కాపీ చేసి, రెండు చోట్లా తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్క ఫోల్డర్ చూసుకున్నాం. ఆ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో "ఫొటోలు, తుడపకూడదు" అని చిన్నాయనే రాసి, పట్టాదారు పాస్‌పుస్తకం పక్కన పెట్టుకున్నాడు.